ప్రశాంతమైన వీధిలో పాత ఇల్లు అమ్మబడును



ఈ పూట మేము మాట్లాడేది ఒక ఇల్లు కొనడం గురించి. ప్రార్థన కూడికలో ఇళ్ళ బేరాలేమిటని పెద్దవాళ్ళకు అనిపించవచ్చు. కానీ యిర్మీయా ప్రవక్త చెరసాల ముంగిట ఉండగానే, శత్రువులు పట్టణాన్ని చుట్టుముట్టి ఉండగానే, అనాతోతులో పొలం కొన్నాడు. 17 తులాల వెండి తూచి ఇచ్చాడు, సాక్షుల చేత సంతకాలు పెట్టించాడు, ముద్ర వేసిన పత్రాన్నీ వేయని పత్రాన్నీ మట్టికుండలో భద్రం చేయించాడు. అంత ఆపదలోనూ కాగితాల దగ్గర ఏమరుపాటు లేదు. మన వాళ్ళలో ఎందరు అలా ఉన్నారు?

మన పిల్లలు బళ్ళారిలో చదువుతున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు. కొందరు రెండు జీతాల ఇల్లుగా మారారు. ఇక బాడుగ కట్టడమెందుకు, కొందామని ఫోనులో ప్రకటనలు చూస్తున్నారు. వాటిలో ఒక రకం మళ్ళీ మళ్ళీ కనపడుతుంది: రెండో ప్రపంచ యుద్ధానికి ముందు కట్టినది, ఇప్పుడు పూర్తిగా బాగుచేయించినది, టేకు తలుపులు, ఎత్తైన కప్పు, ప్రశాంతమైన వాతావరణం. కంటోన్మెంటు వైపు అలాంటి ఇల్లు దొరికితే ఎవరికైనా ఆశ పుడుతుంది.

ఆ వీధులకు ఆ ప్రశాంతత ఎట్లా వచ్చిందో ఒకసారి చూడాలి. బళ్ళారి తెల్లవాళ్ళ దండు ఊరు. విశాలమైన ఆవరణలు, చెట్లు, దూరం దూరంగా బంగళాలు వాళ్ళ కోసం వేసినవి. 1810లో జాన్ హాండ్స్ ఇక్కడికి వచ్చినప్పటి నుంచి లండన్ మిషను దొరలు కూడా ఈ ఊళ్ళోనే ఉండి పనిచేశారు. ఆ బంగళాలకు నీళ్ళు మోసినవాళ్ళు, పాకీ పని చేసినవాళ్ళు, గుర్రాలకు గడ్డి కోసుకొచ్చినవాళ్ళు సాయంత్రానికి తమ పేటలకు తిరిగి వెళ్ళవలసిందే. మన తాతముత్తాతల్లో చాలామంది ఆ రెండో వరుసలోని వాళ్ళు. కాబట్టి వాళ్ళ మనవడు ఆ వీధిలో ఇల్లు అడగడం చిన్న విషయం కాదని మేము అనుకుంటాం.

అడిగితే ఏం జరుగుతోంది? ఫోనులో మర్యాదగా మాట్లాడతారు. ఇల్లు చూడటానికి వెళితే, "మీ సొంత ఊరేది? ఊళ్ళో మీ ఇళ్ళు ఏ వైపు? ఇంట్లో ఏమేం వండుతారు?" అని మొదలవుతుంది. మర్నాడు "వేరేవాళ్ళు అడ్వాన్సు ఇచ్చేశారండీ" అంటారు. రెండు వారాల తర్వాత కూడా ప్రకటన అట్లే ఉంటుంది! ప్రశాంతమైన వీధి అనే మాటకు హారన్ల మోత లేని వీధి అని ఒక అర్థం. మీలాంటి వాళ్ళు లేని వీధి అని ఇంకొక అర్థం. రెండోదాన్ని ఎవరూ కాగితం మీద రాయరు, అదే చిక్కు.

చట్టం చేయందిస్తుందా అంటే, సగమే. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 15వ అధికరణం బావుల దగ్గర, అంగళ్ళ దగ్గర, హోటళ్ళ దగ్గర అడ్డుకోవద్దంది. సొంత ఇల్లు అమ్మేవాడు కొనేవాణ్ణి ఏరుకుంటే ఏం చేయాలో అక్కడ లేదు. 2005లో సుప్రీంకోర్టు అహ్మదాబాదులోని ఒక పార్సీ గృహ సంఘం కేసులో, సభ్యత్వం తమ వాళ్ళకే పరిమితం చేసుకోవచ్చని తీర్పు ఇచ్చింది. అమెరికాలో నల్లవాళ్ళకు ఇల్లు అమ్మకూడదనే షరతులను కోర్టులు అమలు చేయకూడదని 1948లోనే తేల్చారు, 1968లో ఇళ్ళ అమ్మకంలో వివక్షనే నిషేధించారు. మనకు అంత సమగ్రమైన చట్టం లేదు. పైగా 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం దళితుడు హిందువో, సిక్కో, బౌద్ధుడో అయితేనే షెడ్యూల్డు కులం. క్రైస్తవుడైతే అత్యాచారాల నిరోధక చట్టం కింద ఫిర్యాదు ఇవ్వబోయినప్పుడు ఆ ఉత్తర్వే అడ్డు నిలబడుతుంది. ఇల్లు చూపించేవాడికి మాత్రం మన కులం మతం మారినా మారలేదు.

ఇక్కడ ఒక మాట మనవాళ్ళతోనే అనాలి. మన సంఘాల్లోనూ ఇల్లు అమ్మేటప్పుడు "మన కులంలో ఎవరైనా ఉంటే చెప్పండి" అనేవాళ్ళున్నారు. బల్ల దగ్గర ఒకే రొట్టె తిని, బయటికొచ్చి ఆ మాట అనడానికి నోరెట్లా వస్తుందో!

సరే, ఇల్లు దొరికిందనుకుందాం. బాగుచేశారు అనే మాటను నమ్మి రంగు చూసి మురిసిపోవద్దు. ఆ కాలపు గోడలు గానుగ సున్నంతో కట్టినవి, ఇంకా పాతవైతే మట్టితో. అవి చెమ్మను పీల్చి మళ్ళీ బయటికి వదులుతాయి. వాటి మీద సిమెంటు పూస్తే చెమ్మ లోపలే నిలిచి, అడుగున చౌడు పొంగి, పెచ్చులు రాలుతాయి. అందుకే వీలైతే వానలు పడ్డాక వెళ్ళి నేలకు మూరెడు ఎత్తు దాకా గోడ చూడండి. మద్రాసు టెర్రసు కప్పు అయితే దూలాల చివరలు గోడలోకి దిగే చోట కర్రతో తట్టి చూడండి. డొల్ల శబ్దం వస్తే చెదలు తిన్నట్టే. పైన ఎవరైనా కొత్తగా కాంక్రీటు వేసి ఉంటే ఆ బరువు ఆ దూలాలకే కదా. పల్లెల్లో చౌడు మిద్దెల కింద పెరిగినవాళ్ళకు ఇదంతా తెలిసిందే. ఆ తెలివి అక్కరకొస్తుంది, బంగళా చూసి బెదరొద్దు.

కాగితాలు ఇంకా ముఖ్యం. 1953 అక్టోబరు 1 దాకా బళ్ళారి మద్రాసు రాష్ట్రంలో ఉండేది, ఆ తర్వాత మైసూరులో కలిసింది. అందుకే పాత దస్తావేజుల్లో తెలుగు, కన్నడ, ఇంగ్లీషు అన్నీ తగులుతాయి. అంత పాత ఇంటికి వారసులు ఎందరో ఉంటారు. అన్నదమ్ములు సంతకం పెట్టారు కదా అని ఊరుకోవద్దు, ఆడబిడ్డల సంతకాలూ చూడండి. అమ్మేది క్రైస్తవ కుటుంబమైతే 1925 నాటి వారసత్వ చట్టం కొడుకులకూ కూతుళ్ళకూ సమాన భాగమే చెబుతోంది. అది మిషను బంగళా అయితే, 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడ్డాక ట్రస్టు చేతికి వచ్చిన ఆస్తి కావచ్చు. ఒక పాస్టరు గారో, ఒక కమిటీ పెద్దో సంతకం చేసి అమ్మేయడానికి అది ఎవరి సొంతమూ కాదు. అలాంటిది ఎంత చవకగా వచ్చినా వద్దనే మా సలహా.

ఈసీ తీయించండి, ఈ-ఖాతా ఎవరి పేరున ఉందో చూడండి. అగ్రిమెంటు చేతికొస్తే ఇల్లు మనదైపోయిందని సంబరపడేవాళ్ళను చూశాం. రిజిస్టరు అయిన అమ్మకపు పత్రం లేనిదే హక్కు మారదు. ఇల్లు చూడటానికి ఒంటరిగా పోవద్దు, మాలో ఇద్దరిని వెంట తీసుకెళ్ళండి. ఎవరు ఏ రోజు ఏమన్నారో ఆ రాత్రే తేదీ వేసి రాసిపెట్టుకోండి. పది కుటుంబాలవి ఒకచోట చేరితే జిల్లా అధికారుల ముందు పెట్టవచ్చు. ఒక్కరి మాటను "అపార్థం చేసుకున్నారు" అని తోసేయడం సులువు.

కన్నడం బాగా చదవగల పిల్లలు ఇద్దరు కాగితాలు చూసిపెడతామని ముందుకొచ్చారు. కూడిక అయ్యాక వెనక బల్ల దగ్గర కూర్చుంటారు. వాళ్ళకు జిరాక్సులే ఇవ్వండి, అసలు పత్రాలు ఇంటి నుంచి కదిలించవద్దు.