బతికున్న నాచు చెప్పిన సంగతులు

మా వృక్షశాస్త్ర గురువుగారి పేరిట జరుగుతున్న ఈ స్మారకోపన్యాసానికి నేను ప్లిమత్ ప్రయోగశాల చరిత్ర ఎంచుకున్నాను. నాచును బతికుండగా చూడాలన్నది ఆయన పట్టుదల. ఆ పట్టుదలకు పుట్టిల్లు లాంటి చోట్లలో ప్లిమత్ ఒకటి.

ఇంగ్లండు నైరుతి తీరాన, సముద్రానికి ఎదురుగా 1888లో దాన్ని తెరిచారు. అప్పట్లో సముద్రపు నాచుల చదువంటే చాలావరకు ఒడ్డున ఏరడం, కాగితానికి అద్ది ఆరబెట్టడం, పేరు రాయడం. నీటిలో తేలాడే వృక్షప్లవకాలనైతే వలతో పట్టి మందులో ముంచేవారు. వాటిని గాజు కుప్పెల్లో బతికించి పెంచే పద్ధతిని డైరెక్టర్ ఈ.జె. అలెన్, ఈ.డబ్ల్యు. నెల్సన్‌తో కలిసి 1910లో ప్రచురించారు.

అలెన్ చేసిన ఒక పని దగ్గర కాస్త ఆగుతాను. ఉప్పులన్నీ లెక్క ప్రకారం కలిపి ఆయన కృత్రిమ సముద్రజలం తయారుచేశారు. డయాటమ్ అనే వృక్షప్లవకం అందులో సరిగా పెరగలేదు. కొద్దిపాటి అసలు సముద్రపు నీరు కలపగానే పుంజుకుంది! రసాయన విశ్లేషణకు అందనిదేదో ఆ నీటిలో ఉందని మొక్కే చెప్పింది. ఎన్నో ప్లవకాలకు బి12 లాంటి విటమిన్లు లేశమాత్రంగా కావాలని తర్వాతి తరాలు తేల్చాయి.

ఇక నాచుల శాస్త్రవేత్త మేరీ పార్క్. 1908లో లివర్‌పూల్‌లో పుట్టారు. ఐల్ ఆఫ్ మాన్ దీవిలోని పోర్ట్ ఎరిన్ కేంద్రంలో పనిచేస్తూ, ఆల్చిప్ప పిల్లలకు పనికొచ్చే ఆహారం కోసం ఒక బంగారు గోధుమరంగు కణాన్ని వేరుచేసి పెంచారు. మిల్లీమీటరులో రెండువందలో వంతు ఉండే ఆ జీవికి 1949లో ఐసోక్రైసిస్ గాల్బానా అని పేరు పెట్టారు. తర్వాత మన తూత్తుకుడిలో ముత్యపు చిప్పల పిల్లలను పెంచడానికీ అదే మేతయింది.

ప్లిమత్‌కు వచ్చాక ఆమె చేసిన గొప్ప పని నా దృష్టిలో ఇంకొకటి. సున్నపు పలకలు తొడుక్కున్న రెండు ప్లవకాలున్నాయి. ఒకటి ఈదుతుంది, ఇంకొకటి ఈదదు. పుస్తకాల్లో వాటికి వేర్వేరు పేర్లు. బతికున్న కణాలను పెంచుతూ గమనించి, ఆ రెండూ ఒకే జీవి జీవితంలోని రెండు దశలని ఐరీన్ ఆడమ్స్‌తో కలిసి 1960లో నిరూపించారు. మందులో ముంచిన నమూనాను నూరేళ్లు చూసినా ఆ బంధుత్వం తెలియదు. ఇలాంటి బంధుత్వాన్నే 1949లో కాథ్లీన్ డ్రూ అనే శాస్త్రవేత్త బయటపెట్టారు: గవ్వల్లో పెరిగే గులాబిరంగు పోగులు పోర్ఫిరా నాచు దశేనని చూపారు. జపానులో తినే నోరి నాచు సాగు నిలదొక్కుకున్నది ఆ ఆవిష్కరణతోనే. పేరు పెట్టడాన్ని నేను తక్కువ చేయడం లేదు. కానీ పెంచి చూడని పేరు సగం పనే.

మన తీరంలో నాచును పెంచే ఈ విద్య కొత్తదేమీ కాదు. రొయ్య పిల్లల హేచరీల్లో ఆల్గే గదిలో పనిచేసేవాళ్లు కీటోసెరస్ అనే డయాటమ్‌ను రోజూ ఒక కుప్పెలోంచి ఇంకో కుప్పెకు మారుస్తుంటారు. తిండి మొదలుపెట్టే పిల్లకు అదే మేత. మన కళాశాలల్లో మాత్రం విద్యార్థి ఇంకా సీసాలోని నమూనానే చూస్తున్నాడు. కోస్తా కళాశాలల అధ్యాపకులకు నా విన్నపం ఒక్కటే: ఈ ఏడాది మీ పిల్లలను దగ్గర్లోని హేచరీకి తీసుకెళ్లండి, అడిగి ఒక కుప్పెడు తెచ్చుకోండి, కిటికీ పక్కన పెట్టి పెంచించండి.