నల్లమల చెంచులు - గుండ్లకమ్మ నీరు
(ముండ్లమూరు రైతుల సమావేశమునకై వ్రాసిన ప్రసంగ పాఠము)



ఈ దినము ఎరువుల సంగతిగాని పురుగుమందుల సంగతిగాని చెప్పబోవుట లేదు. మీ బావులలో నీరు ఎక్కడనుండి వచ్చుచున్నదో, ఆ చోట నివసించువారి మాట ఎంతవరకు చెల్లుచున్నదో చెప్పదలచితిని. ఇది రాజకీయముగదా, వ్యవసాయమునకేమి సంబంధమని మీరడుగవచ్చును. కొంచెము ఓపికతో వినుడు.

గుండ్లకమ్మ నల్లమల కొండలలో పుట్టి, విజయనగర రాజుల నాటి కంభము చెరువును నింపి, మార్కాపురము ప్రాంతము దాటి, అద్దంకి మీదుగా సముద్రమున కలియును. కొండపై అడవి దట్టముగా ఉన్నచో వాన నీరు ఆకుచెత్తలో ఇంకి, మెల్లగా వాగులకు దిగును. అడవి పలుచనైనచో అదే వాన ఒక్క పూటలో మట్టిని కోసుకొని పారిపోవును, తరువాత వాగు ఎండును. ఇటీవల భూగోళము వేడెక్కుటచే వాన పడు దినములు తగ్గి, పడినప్పుడు కుండపోతగా పడుట మీరును చూచుచున్నారు. కంది పూత మీద ఉండగా ముసురు పట్టుట, మిరప నాటిన పిమ్మట నెలంతయు చినుకు లేకుండుట మీకు క్రొత్త కాదు. ఇటువంటి కాలములో కొండమీది అడవియే మనకు పెద్ద చెరువు.

ఆ అడవిలో తరతరములుగా ఉన్నవారు చెంచులు. దోర్నాల, యర్రగొండపాలెము, పెద్దారవీడు, అర్ధవీడు వైపు వారి గూడెములు గలవు. తేనె, బంక, కుంకుడు, చింతపండు సేకరించి జీవింతురు. పూత ముందువెనుకలైనచో తేనెపట్టు సరిగా కట్టదు, ఊట ఎండినచో గూడెమునకు త్రాగునీరే లేదు. కరువు తగిలినప్పుడు మనకు బ్యాంకు అప్పు, పంటల బీమా కొంతైనను గలవు. వారికి ఆ పాటి ఆసరాయును అరుదు. మోటారు వాహనముగాని, ఫ్యాక్టరీ పొగగాని వారి పాపము కాదు, దెబ్బ మాత్రము ముందుగా వారికే తగులుచున్నది.

ఇక ప్రాతినిధ్యము సంగతి. ఆంధ్రప్రదేశ్ శాసనసభలోని 175 స్థానములలో 7 గిరిజనులకు ప్రత్యేకించబడినవి: పాలకొండ, కురుపాం, సాలూరు, అరకులోయ, పాడేరు, రంపచోడవరం, పోలవరం. అన్నియు ఉత్తర కోస్తా, గోదావరి మన్యములలోనివే. లోకసభకు ప్రత్యేకించినదియు అరకు ఒక్కటియే. గిరిజనులు గుంపుగా ఉన్నచోటనే స్థానములు కేటాయింతురు గనుక, చెదురుమదురుగా నున్న చెంచులకు ఆ లెక్కలో చోటు దొరకలేదు. ఆంధ్ర వైపు నల్లమల షెడ్యూలు ప్రాంతముగా ప్రకటింపబడలేదు. కావున గిరిజన గ్రామసభలకు అధికారమిచ్చు 1996 నాటి పీసా చట్టము ఇక్కడ వర్తించదు. మన ఊళ్ళలో ఎలుకలు పట్టి పంటను కాపాడు యానాదుల స్థితియు ఇంతే. వారును గిరిజనులే, వారును చెదిరియున్నవారే.

మాట చెల్లినప్పుడు ఏమగునో కృష్ణకు ఆవలి ఒడ్డున చూచితిమి. 2019లో అమ్రాబాదు అడవులలో యురేనియము త్రవ్వకముల ప్రతిపాదనను చెంచులు, ఇతరులు కలిసి ఎదిరించిరి. ఆ సంవత్సరము సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ దానికి వ్యతిరేకముగా తీర్మానించెను. లోకములోను ఈ సంగతిని గుర్తించుచున్నారు. 2018లో పోలెండు దేశమున జరిగిన వాతావరణ మహాసభ 14 మందితో ఒక కార్యబృందమును ఏర్పరచి, అందులో 7 స్థానములు ఆదివాసుల ప్రతినిధులకిచ్చెను. సగము! మన పంచాయతీలలో ఈ వరస ఎక్కడనైన కలదా?

శాసనసభలో స్థానము లేకున్నను, చేతిలో ఒక సాధనము గలదు. 2006 నాటి అటవీ హక్కుల చట్టము షెడ్యూలు ప్రాంతములకే పరిమితము కాదు. దీని క్రింద గూడెమే తన గ్రామసభను జరుపుకొనవచ్చును. పెద్ద పంచాయతీ సభలో పదిమంది చెంచుల గొంతు మునిగిపోవును గనుక ఇది ముఖ్యము. సభ 10 నుండి 15 మందితో అటవీ హక్కుల కమిటీని ఎన్నుకొనును. అందులో మూడింట రెండు వంతులు గిరిజనులు, మూడవ వంతు స్త్రీలు ఉండవలెను. సాగుభూమికే గాక, అడవి ఉత్పత్తులకును, ఊటలకును, చెంచులవంటి వెనుకబడిన తెగలకు తమ ఆవాస ప్రాంతమంతటికిని హక్కు కోరవచ్చును. నీటి వనరులను కాపాడు అధికారము సైతము ఆ సభదే.

మన వంతు కొంత గలదు. వేసవిలో మందలను నల్లమలకు తోలువారు గూడెము పెద్దలనడిగి, వారు వద్దన్న వాగు దరికి పోరాదు. ఈ మాట కొందరికి రుచింపదని ఎరుగుదును. వేసవి మేతకై జొన్నచొప్ప, కందిపొట్టు ముందుగా నిలువ చేసికొన్నచో ఆ తగవు చాలవరకు తీరును. నీటి సమస్యపై మీరు అర్జీ పెట్టునప్పుడు పై గూడెములవారి సంతకములు కూడ తీసికొనుడు.

చదువు వచ్చిన యువకులు వారికి దరఖాస్తులు వ్రాసిపెట్టవచ్చును. గిరిజనులు 2005 డిసెంబరు 13వ తేదీకి పూర్వము భూమి తమ స్వాధీనములో ఉన్నట్లు చూపిన చాలును. 75 ఏండ్ల నియమము ఇతరులకే. కాగితములు లేవని వెనుదీయ నక్కరలేదు. గూడెములోని వృద్ధులు చెప్పిన వాంగ్మూలమును వ్రాసి ఇచ్చినను సాక్ష్యముగా స్వీకరింపవలెను, దానికి తోడు ఇంకొక ఆధారము చేర్చవలెను. గ్రామసభ నిర్ణయముపై అభ్యంతరమున్నచో 60 దినములలోగా సబ్ డివిజను కమిటీకి విన్నవించుకొనవచ్చును. దరఖాస్తు ఇచ్చినపుడు రసీదు అడిగి తీసికొని, దానిని తడవని చోట భద్రపరచవలెను.