డీజిల్ ధారలోకి ఒక చూపు

లారీ ఇంజిన్ సిలిండర్‌లోకి డీజిల్ ఎలా చిమ్ముతుందో చూద్దామంటే లోహపు గోడలు అడ్డం. అందుకే పరిశోధకులు పిస్టన్ తలకు క్వార్ట్జ్ కిటికీ అమర్చి, కింద ఏటవాలుగా అద్దం పెడతారు. అంతా సెకనులో వెయ్యో వంతుల్లో ముగిసిపోతుంది కనుక సెకనుకు వేలాది బొమ్మలు తీసే కెమెరా కావాలి.

వెలుగు పడితే ద్రవ బిందువులు తళుక్కుమంటాయి. ఆవిరి అలా కనబడదు. దానికి ష్లీరెన్ పద్ధతి ఉంది. మండుటెండలో తారురోడ్డు మీద గాలి అలలు అలలుగా కదలడం మీరు చూసే ఉంటారు. సాంద్రత మారినచోట వెలుగు వంగుతుంది. ఆ వంపునే బొమ్మగా పడతారు. 1864లో ఆగస్ట్ టోప్లర్ ప్రచురించిన పద్ధతి ఇది.

నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది లేజర్ రేకు. వెలుగును పల్చటి రేకులా చేసి ధారలోంచి పోనిస్తే, లోపలి పొర ఒక్కటే విడిగా కనబడుతుంది. అమెరికాలోని శాండియా ప్రయోగశాలలో జాన్ డెక్ ఇలాగే చూసి, డీజిల్ ధార మండే తీరు గురించిన పాత ఊహను 1997లో మార్చేశారు. ద్రవ డీజిల్ కొద్ది దూరమే వెళ్లి ఆవిరైపోతుంది. మసి అంచుల్లోనే కాదు, మండే ధార మధ్యలో కూడా ఉంటుంది.

ఇంజెక్టర్ నోటి దగ్గర మాత్రం ధార మరీ చిక్కన. అక్కడ మామూలు వెలుగు లోపలికి చొరలేదు.