ఎఫ్ఎమ్ సింథసిస్: ఆరు ఆపరేటర్లు చూసి భయపడకండి, రెండు చాలు

ఈ ఎపిసోడ్‌కి మాత్రం ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి. ఈరోజు సౌండ్స్‌లో ఉన్న తేడాలు ఫోన్ స్పీకర్‌లో సగం వినపడవు.

ముందు నా పరువు పోయిన కథ. రెండేళ్ల క్రితం ఒక ఫ్రెండ్ షార్ట్ ఫిల్మ్‌కి మ్యూజిక్ చేశాను. అందులో ఒక సీన్‌కి గుడిగంట లాంటి సౌండ్ పెట్టాను. వాడు విని, "మామా, బాగుంది కానీ బాగా గరుగ్గా ఉంది. కొంచెం మెత్తగా, తొందరగా ఆగిపోయేలా చెయ్యి. సీన్‌లో పాప నిద్రపోతోంది కదా" అన్నాడు. చిన్న మార్పే. నాకు చేతకాలేదు. ఎందుకంటే ఆ సౌండ్ నేను చేసింది కాదు, ప్రీసెట్. ఎఫ్ఎమ్ సింథ్ తెరిస్తే వందకు పైగా సెట్టింగ్స్. ఒకటి తిప్పితే ఏమీ మారదు, ఇంకోటి తిప్పితే చెవులు చిల్లులు. రాత్రంతా తిప్పాను. చివరికి వాడు ఆ సీన్‌లో నా మ్యూజిక్ తీసేశాడు.

కామెడీ ఏంటంటే, నేను చదివింది ఈసీఈ. క్యారియర్, మాడ్యులేటర్, మాడ్యులేషన్ ఇండెక్స్... ఇవన్నీ ఎగ్జామ్‌లో రాశాను, మార్కులు వచ్చాయి, మర్చిపోయాను. సింథ్‌లో ఉన్నదీ అదే సబ్జెక్ట్ అని అప్పుడు తట్టలేదు!

సరే, అసలు ఇది ఎలా పుట్టింది? 1967లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో జాన్ చౌనింగ్ కంప్యూటర్‌తో వైబ్రాటో మీద ప్రయోగాలు చేస్తున్నారు. ఆయన ఇంజినీర్ కాదు, మ్యూజిక్ కంపోజర్. వైబ్రాటో అంటే తెలుసు కదా, స్వరం సెకనుకి ఐదారుసార్లు కొద్దిగా పైకీ కిందకీ ఊగడం. ఆయన ఆ ఊపు స్పీడ్ పెంచుతూ పోయారు. సెకనుకి ఇరవై, వంద, రెండొందలు. ఒక స్పీడ్ దాటాక చెవికి ఊపు తెలియదు. ఒక కొత్త సౌండే వినిపిస్తుంది. అంతే, ఎఫ్ఎమ్ సింథసిస్ అంటే అదే. ఊగేది క్యారియర్, ఊపేది మాడ్యులేటర్.

1973లో ఆయన దీని మీద పేపర్ రాశారు. యమహా లైసెన్స్ తీసుకుంది. 1983లో డీఎక్స్ 7 కీబోర్డ్ వచ్చింది: 6 ఆపరేటర్లు, వాటిని కలపడానికి 32 అల్గారిథమ్స్. ఎనభైల పాప్ పాటల్లో గాజులా మెరిసే ఎలక్ట్రిక్ పియానో గుర్తుందా? చాలావరకు అదే. కానీ దాని స్క్రీన్ చిన్నది, బటన్లు ఎక్కువ. అందుకే అప్పుడు కూడా చాలామంది ప్రీసెట్లతోనే సరిపెట్టుకున్నారు. అంటే నేనొక్కడినే కాదు!

ఇప్పుడు ప్రాక్టికల్. ల్యాప్‌టాప్‌లో డెక్స్‌డ్ అనే ప్లగిన్ ఫ్రీ. డీఎక్స్ 7 లాగే పనిచేస్తుంది. తెరిచి ఇనిట్ నొక్కండి. అల్గారిథమ్ 1 ఉంటుంది. అందులో రెండో ఆపరేటర్ మొదటిదాన్ని ఊపుతుంది. మిగతా నాలుగూ మర్చిపోండి.

ఒక నోట్ నొక్కండి. ఈల లాంటి సాదా సౌండ్. ఇప్పుడు రెండో ఆపరేటర్ లెవెల్ మెల్లగా పెంచండి. 50 వరకు పెద్ద తేడా తెలియదు. 70, 80 దగ్గరికి వచ్చేసరికి సౌండ్ పదునెక్కుతుంది. లెవెల్ అంటే పదును. ఇది మొదటి విషయం.

రెండోది రేషియో. లెక్క సింపుల్. క్యారియర్ 200 హెర్ట్జ్, మాడ్యులేటర్ కూడా 200 అనుకోండి. 200కి 200 కలుపుతూ పోతే 400, 600, 800. అన్నీ 200 గుణిజాలే, కాబట్టి ఒకే స్వరంలా వినిపిస్తుంది. మాడ్యులేటర్‌ని 400 చేస్తే 200, 600, 1000. బేసి గుణిజాలు మాత్రమే, అందుకే క్లారినెట్ లాంటి బోలు సౌండ్. ఇప్పుడు రేషియో 1.4 పెట్టండి, అంటే 280. కలిపితే 480, 760. తీసేస్తే మైనస్ 80, మైనస్ 360. మైనస్ ఫ్రీక్వెన్సీ చెవికి 80, 360 గానే వినిపిస్తుంది. ఏవీ 200 గుణిజాలు కావు. అదే లోహం! గంట మోగింది.

మూడోది ఎన్వలప్, అంటే టైమ్‌తో పాటు లెవెల్ ఎలా మారాలి అన్నది. నిజం గంటని గమనించండి. కొట్టగానే 'ఠంగ్'మని పదును, తర్వాత మెత్తని మూలుగు. అంటే పదును ముందే పోవాలి. రెండు ఆపరేటర్లకీ ఎల్3 సున్నా చేయండి. ఆర్3 మాడ్యులేటర్‌కి కొంచెం ఎక్కువ, క్యారియర్‌కి తక్కువ పెట్టండి. నంబర్ తగ్గితే సౌండ్ ఆగడానికి ఎక్కువ టైమ్ పడుతుంది.

ఇప్పుడు నా ఫ్రెండ్ మాట గుర్తు చేసుకోండి. "మెత్తగా" అంటే మాడ్యులేటర్ లెవెల్ తగ్గించడం. "తొందరగా ఆగాలి" అంటే ఆర్3లు పెంచడం. రెండు మూడు నంబర్లు, ఒక్క నిమిషం పని. నేను రాత్రంతా గుడ్డిగా తిప్పాను.

ఆఫీసులో కోడ్ డీబగ్ చేసేటప్పుడు ఒకేసారి ఐదు లైన్లు మార్చం కదా. ఇక్కడా అంతే. ఒక్కటే మార్చండి. ఇంకో రూల్: నాబ్ తిప్పేముందు ఏం వినపడుతుందో నోటితో చెప్పండి. తప్పు చెప్పినా పర్లేదు. మూడు వారాలు రోజుకి పదిహేను నిమిషాలు అలా చేశాకే నా చెవికి నంబర్లు అర్థమయ్యాయి.

ప్రీసెట్ వాడటం తప్పు కాదు, నేనూ వాడతాను. కానీ ఎవరైనా "కొంచెం మార్చు" అన్నప్పుడు మార్చగలగాలి. ఆ షార్ట్ ఫిల్మ్ ఎప్పుడో అప్‌లోడ్ అయిపోయింది. ఇక అందులో నేను చేయగలిగింది ఏమీ లేదు. కానీ ఈ ఎపిసోడ్ మొదట్లో ఒక గంట మోగింది, విన్నారా? అది ప్రీసెట్ కాదు. రెండు ఆపరేటర్లు, నేనే చేశాను. దాన్ని మా వాడికి పంపితే ఒక్కటే రిప్లై ఇచ్చాడు: "ఇదే కదరా నేను అడిగింది!"

వచ్చే ఎపిసోడ్‌లో మూడో ఆపరేటర్ కలుపుదాం. అప్పటిదాకా గంట మోగించండి. ఉంటా మరి.