మా రోబో టాప్ 4లో ఉంది, మరి అవార్డు ఎందుకు రాలేదు?

ఈ రోజు కోడింగ్ లేదు, ఇంటర్వ్యూ టిప్స్ లేవు. నేను చేసిన ఒక తప్పు గురించి చెప్తా. రోబోటిక్స్ పోటీలకి వెళ్లేవాళ్లు, తమ్ముణ్ణో చెల్లినో పంపించేవాళ్లు కొంచెం ఓపిగ్గా వినండి.

నేను జాబ్‌లో ఉన్నప్పుడు ఒక స్కూల్ టీమ్‌కి మెంటర్‌గా వెళ్లేవాణ్ణి. శని, ఆదివారాలు అక్కడే. పోటీ పేరు ఫస్ట్ టెక్ ఛాలెంజ్. డీన్ కామెన్ అనే అమెరికన్ ఇన్వెంటర్ 1989లో మొదలుపెట్టిన ఫస్ట్ అనే సంస్థ నడుపుతుంది. 12 నుంచి 18 ఏళ్ల పిల్లలకి. మన దేశంలో కూడా జరుగుతుంది.

గేమ్ ఎలా ఉంటుందంటే, 12 అడుగులు బై 12 అడుగుల ఫీల్డ్. రోబో స్టార్టింగ్‌లో 18 అంగుళాల డబ్బాలో పట్టాలి. రెండు టీమ్‌లు ఒక జట్టు, ఎదురుగా ఇంకో రెండు. మ్యాచ్ రెండున్నర నిమిషాలు. అందులో మొదటి 30 సెకన్లు కంట్రోలర్ ముట్టుకోకూడదు, రోబో మీ కోడ్ మీదే నడవాలి. గుండె దడదడలాడేది అక్కడే. తర్వాత 2 నిమిషాలు పిల్లలు నడుపుతారు.

మేం ఆడింది 2023-24 సీజన్, గేమ్ పేరు సెంటర్‌స్టేజ్. పిక్సెల్ అని ఆరు మూలల ప్లాస్టిక్ బిళ్లలు, వాటిని తీసుకెళ్లి ఏటవాలు బోర్డు మీద పేర్చాలి. చివర్లో కాగితం విమానం ఎగరెయ్యాలి, రోబో రాడ్‌కి వేలాడాలి. మా ఆటో కోడ్ సూపర్. కెమెరాతో చూసి, మూడు గీతల్లో ఏ గీత మీద మా బొమ్మ ఉందో కనిపెట్టి, అక్కడ ఊదా పిక్సెల్ పెట్టి, పసుపుది బోర్డు మీద పెట్టేది. దాదాపు ప్రతి మ్యాచ్‌లోనూ. క్వాలిఫికేషన్ అయ్యేసరికి నాలుగో ర్యాంక్. అలయన్స్ కెప్టెన్ కూడా అయ్యాం, సెమీస్‌లో ఓడిపోయాం. సరే, ఆట అన్నాక ఓడతాం.

కానీ సాయంత్రం అవార్డులు పిలుస్తుంటే మా పేరు ఒక్కసారి కూడా రాలేదు. కంట్రోల్ అవార్డు మాదే అనుకున్నాం. అది సెన్సార్లు, సాఫ్ట్‌వేర్ బాగా వాడినవాళ్లకి ఇస్తారు. అది కూడా ర్యాంకుల్లో మాకంటే చాలా కింద ఉన్న టీమ్‌కి వెళ్లింది. మా పిల్లల మొహాలు చూడలేకపోయా. వ్యాన్‌లో నేనేం అన్నానో తెలుసా? "జడ్జిలకి ఏం తెలీదురా, వదిలెయ్యండి" అన్నా. అంత మాట అనకుండా ఉండాల్సింది.

ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటుంది. ఫీల్డ్ పక్కన పాయింట్లు వేసేది రిఫరీలు. అవార్డులు ఇచ్చేది జడ్జిలు. ఇద్దరూ వేర్వేరు. ఆ సీజన్‌లో గెలిస్తే 2, టై అయితే 1, అదంతా ఆట లెక్క. జడ్జిలు చూసేది వేరే. పొద్దున్నే ఒక రూమ్‌లో ఇంటర్వ్యూ. పిల్లలు ముందు ఓ ఐదు నిమిషాలు తమ గురించి చెప్పుకుంటారు, తర్వాత ప్రశ్నలు. ఇంజనీరింగ్ పోర్ట్‌ఫోలియో ఇవ్వాలి, కవర్ పేజీ కాక 15 పేజీలు మించకూడదు. తర్వాత జడ్జిలు టీమ్‌ల టేబుళ్ల దగ్గరికి తిరుగుతూ మళ్లీ అడుగుతారు. చివరికి అందరూ కూర్చుని మాట్లాడుకుని తేలుస్తారు. ఒక టీమ్‌కి ఇలాంటి అవార్డు ఒకటే ఇస్తారు. అందుకే ఒక్కళ్లే అన్నీ ఊడ్చుకుపోరు.

అన్నిటికంటే పెద్దది ఇన్‌స్పైర్ అవార్డు. రోబో, డాక్యుమెంట్, బయటి జనంతో చేసిన పని, టీమ్ ప్రవర్తన, అన్నిట్లో గట్టిగా ఉన్నవాళ్లకి. అప్పటి రూల్ ప్రకారం పై లెవెల్ పోటీకి వెళ్లే లిస్టులో మొదటి పేరు ఇన్‌స్పైర్ విన్నర్‌ది. ఫైనల్ గెలిచిన కెప్టెన్ టీమ్ ఆ తర్వాతే! తర్వాత ఈ పద్ధతి పాయింట్ల లెక్కకి మార్చారు, కానీ ఆ ఏడాది అదే. నేను ఈ రూల్ చదివింది పోటీ అయ్యాక. మెంటర్‌ని అని చెప్పుకుంటూ తిరిగా, రూల్‌బుక్ సగమే చదివా.

సరే, అసలు విషయం. ఇంటర్వ్యూలో మెంటర్లు నోరు విప్పకూడదు. నేను గోడ పక్కన నిలబడ్డా. ఒక జడ్జి మేడమ్ మా ప్రోగ్రామర్‌ని, తొమ్మిదో తరగతి పాప, అడిగారు: "టర్నింగ్‌కి ఈ నంబర్ పెట్టారు కదమ్మా, ఇంకొంచెం పెంచితే ఏమవుతుంది?" పాప ఒక్క క్షణం ఆగింది. నా వైపు చూసింది. "అది అన్న సెట్ చేశారు మేడమ్" అంది.

అంతే. జడ్జి కోప్పడలేదు, నవ్వి ఏదో రాసుకున్నారు.

ఆ నంబర్ నేనే పెట్టా ఫ్రెండ్స్. పోటీకి రెండు వారాల ముందు రోబో తిరిగేటప్పుడు ఊగుతోంది. పాప మూడు రోజులు కుస్తీ పట్టింది. నాకేమో టెన్షన్. రాత్రి పదింటికి ల్యాప్‌టాప్ లాక్కుని 40 నిమిషాల్లో సరిచేసేశా. "చూశావా, ఎంత ఈజీయో" అని కూడా అన్నా. పెంచితే రోబో గమ్యం దాటేసి వెనక్కి ఊగుతుంది అని పాపకి తెలుసు, మూడు రోజులు చూసింది కదా. కానీ తనది కాని నంబర్ గురించి తను ఎలా చెప్తుంది?

అవార్డు వచ్చిన ఆ టీమ్ టేబుల్ దగ్గరికి వెళ్లి పోర్ట్‌ఫోలియో చూపించమని అడిగా. చూపించారు, ఆ పోటీల్లో అలాంటివి దాచుకోరు. ఒక పేజీ నిండా ఫెయిల్ అయినవే. ఏ తేదీన ఏ విలువ పెడితే రోబో ఎటు వెళ్లిందో, చేతిరాతతో. రోబో మాది కంటే స్లో. కానీ ప్రతి పిల్లాడూ ఆ పేజీ గురించి మాట్లాడగలడు.

నిజం చెప్పాలంటే ఈ పద్ధతి మీద నాకు ఇప్పటికీ ఒక కంప్లయింట్ ఉంది. ఇంగ్లిష్ గలగలా మాట్లాడే పిల్లలకి ఇంటర్వ్యూలో కొంత అడ్వాంటేజ్ ఉంటుంది. మా వాళ్లలో ఇద్దరు తెలుగులో ఇరగదీస్తారు, అక్కడ మాత్రం తల దించుకున్నారు. ఇది జడ్జిలకీ తెలుసు, అందుకే టేబుల్ దగ్గర రోబో చూపిస్తూ చెప్పమంటారు. అయినా తేడా ఉంటుంది.

తర్వాతి సోమవారం స్కూల్‌కి వెళ్లి, వ్యాన్‌లో అన్నమాట తప్పని పిల్లలకి చెప్పా. పాపకి విడిగా సారీ చెప్పా. "పర్లేదన్నా" అంది, కానీ వెంటనే ల్యాప్‌టాప్ తన వైపు జరుపుకుంది. ఆ ఫైల్‌లో నేను పెట్టిన విలువలన్నీ సున్నా చేసేసి మళ్లీ మొదలుపెట్టింది. రోబో పిచ్చిగా ఊగింది. నేను రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని కూర్చున్నా.

మీరు ఇలాంటి పోటీకి వెళ్లుంటే, జడ్జి రూమ్‌లో మిమ్మల్ని ఇరికించిన ప్రశ్న ఏంటో కింద రాయండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో ఆ నంబర్ కథ, అదే పీఐడీ, సైకిల్ తొక్కే ఉదాహరణతో చెప్తా. బై.