పలకరాతి గనుల్లో రంగుల పెట్టె

మార్కాపురం రాతిపలకల మీద తరతరాల పిల్లలు అక్షరాలు దిద్దారు. నోటుపుస్తకాలు, ప్లాస్టిక్ పలకలు వచ్చాక గిరాకీ పడిపోయి, చాలా గనులు మూతపడ్డాయి. ఆరుబయట బొమ్మలు వేసేవారికి అవి మంచి చోటు.

బంకమట్టి భూగర్భంలో ఒత్తిడికి రాయిగా మారింది కనుక పలకరాయి పొరలు పొరలుగా చీలుతుంది. పొద్దుటి ఏటవాలు ఎండలో ఆ పొరల అంచులు మెరుస్తాయి. పలకరాయి బూడిదరంగుకు నలుపు వాడకండి. అల్ట్రామెరైన్ నీలంలో బర్న్ట్ సియన్నా కలపండి. నీడలు జరిగిపోతుంటాయి, ముందే పెన్సిల్‌తో వాటి హద్దులు గీసుకోండి. ఎండకు నీటిరంగులు ఇట్టే ఆరిపోతాయి. కాగితం తడుపుకుంటూ వేయండి.

గని అంచున రాళ్లు జారతాయి. యజమాని అనుమతి తీసుకుని, తోడుతో వెళ్లి, గుంతకు దూరంగా కూర్చోండి.