ఇంగ్లీషులో మన మాటలు

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంగ్లీషు నేర్చుకోవడం గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యవర్గంవారు కోరారు. పదో తరగతి దాకా ఉర్దూలోనో తెలుగులోనో చదివిన ఆడపిల్ల, ఇంటర్‌లో ఇంగ్లీషు పుస్తకాలు చూసి బెదిరిపోయి కాలేజీ మానుకోవడం మన ఇళ్లలో చూస్తూనే ఉన్నాం. గల్ఫుకు పోయే కుర్రవాడు ఏ కాగితం మీద సంతకం పెడుతున్నాడో తెలియకుండానే పెట్టేస్తాడు. జీతమెంత, పని గంటలెన్ని, తిరుగు టిక్కెట్టు ఎవరిస్తారు, అన్నీ ఆ కాగితంలోనే ఉంటాయి. మన పిల్లలకు తెలివి లేక కాదు. అది దొరల భాష, మనకు రాదు అనే భయం ముందే వచ్చి కూర్చుంటోంది. ఆ భయానికి ఆధారం ఎంతుందో చూద్దాం.

పల్నాడులో ఉన్నాం గనుక పత్తితోనే మొదలుపెడతాను. ఇంగ్లీషువారు దాన్ని కాటన్ అంటారు. అది అరబ్బీలోని ‘ఖుత్న్’. పరుపును మ్యాట్రెస్ అంటారు. అదీ అరబ్బీదే, ‘మత్‌రహ్’ అనే మాట నుంచి వచ్చింది. తరతరాలుగా దూది ఏకి పరుపులు కుట్టిన మన నూర్‌బాషా సోదరుల వృత్తిలోని రెండు మాటలూ ఇటలీ, ఫ్రాన్సుల మీదుగా ఇంగ్లండు చేరాయన్నమాట.

సున్నా సంగతి ఇంకా బాగుంటుంది. సంస్కృతంలో శూన్యం, దాని నుంచి మన సున్నా. ఈ లెక్క అరబ్బులకు చేరినప్పుడు వారు శూన్యానికి తమ భాషలో ఖాళీ అనే అర్థమున్న ‘సిఫర్’ అని పేరు పెట్టారు. ఇటలీవారి నోట అది మారి మారి జీరో అయింది. అదే సిఫర్ మరో దారిన వెళ్లి సైఫర్ అయింది. మన ఇంట్లో పిల్లవాడు లెక్కల్లో సిఫర్ వచ్చిందన్నా, జీరో వచ్చిందన్నా ఒకే మాట అంటున్నాడు. (మార్కులూ ఒకటే అనుకోండి!) ఆల్జీబ్రా కూడా 9వ శతాబ్దిలో బాగ్దాదులో ఉన్న అల్ ఖ్వారిజ్మీ పుస్తకం పేరులోని ‘అల్ జబ్ర్’. కంప్యూటరు చదివే పిల్లలు అల్గారిథమ్ అంటారే, అది ఆయన పేరే.

మీ చేతిలో ఉన్న ఈ సంచికలాంటి వాటిని మ్యాగజైన్ అంటాం. అరబ్బీలో ‘మఖ్‌జన్’ అంటే సరుకు దాచే కొట్టు. మన ఖజానాకూ దానికీ ధాతువు ఒకటే. తుపాకి మందు దాచే చోటును కూడా మ్యాగజైన్ అనేవారు. 1731లో లండనులో ఒక పత్రికకు ఆ పేరు పెట్టాక వ్యాసాల కొట్టు అనే అర్థం స్థిరపడింది. అరబ్బీ ఒక్కటే కాదు, తెలుగు కూడా తన వంతు ఇచ్చింది. చేలో గట్లు తవ్వే పందికొక్కే ఇంగ్లీషులో బ్యాండికూట్. ఇంతకంటే మంచిదాన్ని ఇచ్చి ఉండవలసింది!

ఇలా మాటలు పోవడం, రావడం కొత్త కాదు. 1066లో ఫ్రాన్సు నుంచి నార్మన్లు వచ్చి ఇంగ్లండును ఏలారు. అందుకే ఇంగ్లీషులో కోర్టు, జడ్జి, జ్యూరీ అన్నీ ఫ్రెంచి మాటలే. మన కొండవీటి సీమ గోల్కొండ పాలనలోకి పోయినప్పుడూ అంతే జరిగింది. దావా, వకీలు, ఫిర్యాదు, జామీను, దస్తావేజు వచ్చాయి. నరసరావుపేట కోర్టుకు వెళ్లే రైతు ఎవరైనా వీటిని పరాయి మాటలనుకుంటాడా? ఆ రైతు అనే మాట కూడా అరబ్బీ ‘రఇయ్యత్’ నుంచి వచ్చిందే.

పాట్నాలో 1759లో పుట్టిన షేక్ దీన్ ముహమ్మద్ 1784లో ఐర్లండు వెళ్లాడు. 1794లో అక్కడి కార్క్ నగరంలో తన ప్రయాణాల గురించి ఇంగ్లీషులో పుస్తకం అచ్చు వేయించాడు. ఇంగ్లీషులో పుస్తకం వెలువరించిన మొదటి భారతీయుడు ఆయనే. తర్వాత బ్రైటన్‌లో స్నానశాల పెట్టి, మన మర్దనను అక్కడివారికి అలవాటు చేశాడు. చంపీ చేయడం అంటామే, షాంపూ అనే మాట ఆ కుదురులోనిదే.

ఇక నేర్చుకునే తీరు. మక్తబ్‌లో చదివిన పిల్లలకు ఒక సంగతి తెలుసు. కితాబ్, కాతిబ్, మక్తబ్ మూడూ ఒక్క ధాతువు బిడ్డలు. ఇంగ్లీషులోనూ అంతే. పోర్ట్ అనే లాటిన్ ధాతువుకు మోయడమని అర్థం. అది తెలిస్తే ఇంపోర్ట్, ఎక్స్‌పోర్ట్, ట్రాన్స్‌పోర్ట్, పోర్టర్ నాలుగూ ఒక్కసారే చేతికొస్తాయి. జాబితాలు బట్టీ పట్టేకంటే ఇది నయం.

స్పెల్లింగు చూసి ఏడవకండి. అప్పును డెట్ అంటారు, మధ్యలో బి మూగది. ఫ్రెంచి నుంచి వచ్చినప్పుడు బి లేదు. తర్వాతి పండితులు లాటిన్ మూలం కనబడాలని దాన్ని ఇరికించారు. నైఫ్‌లోని కె మాత్రం ఒకప్పుడు పలికినదే. నాలుక వదిలేసింది, కలం వదల్లేదు.

ఉచ్చారణలో ఉర్దూ మాట్లాడేవారికి ఒక లాభముంది. జీరోలోని జ, కాఫీలోని ఫ వారికి సహజంగా వస్తాయి. కాని స్కూలును ఇస్కూలు, స్టేషనును ఇస్టేషను చేస్తారు. తెలుగు మాట్లాడేవారు బస్సు, కారు అని చివర ఉకారం తగిలిస్తారు. ఎవరిది వారు గమనించుకుంటే చాలు. ‘ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్’ అనకండి, ‘ఐ హ్యావ్’ అంటే సరి. ‘డిస్కస్ అబౌట్’ వద్దు, డిస్కస్‌లోనే ‘గురించి’ ఉంది. కజిన్ బ్రదర్ అని మనం అంటాం గాని, వారికి కజిన్ ఒక్కటే చాలు. చాచా, మామూ, ఖాలూ అందరినీ అంకుల్ అనే ఒక్క మాటలో కుక్కిన భాష అది. ఆ విషయంలో మనదే మేలు.

పుస్తకాలకు డబ్బు లేదంటారా? మందు సీసా మీది కాగితం, పురుగుమందు డబ్బా, బ్యాంకు పాసుబుక్కు మన ఇంట్లో ఉన్నవే. రోజుకు ఐదు మాటలు అందులోంచి తీసి నిఘంటువులో చూడండి. ఉస్తాద్ దగ్గర సబఖ్ అప్పజెప్పినట్టు పైకి చదవండి. నోరు తిరగంది కంటితో చూస్తే వచ్చేది కాదు. గల్ఫుకు వెళ్లే పిల్లలు తమ కాంట్రాక్టు కాగితం నకలు ముందుగా తెప్పించుకుని, సంతకానికి ముందే ఎవరైనా చదువుకున్నవారితో ఒక్కో పంక్తి చదివించుకోవాలి.

సంఘం గదిలో ఒక మంచి నిఘంటువు పెట్టి, ఆదివారం సాయంత్రాలు గంటసేపు కూర్చోబెడదామని కార్యవర్గంవారిని కోరుతున్నాను. నేను వస్తాను. ఆడపిల్లలకు వేరే వేళ కావాలంటే తల్లులు మొహమాటం లేకుండా చెప్పండి, అలాగే పెట్టుకుందాం. ఖుదా హాఫిజ్.